చరిత్ర ఘట్టాలు బొమ్మ వేయాలనుకుంటే: ఒకే గదిని మూడుసార్లు వేసి నేర్చుకున్న పద్ధతి

నేను వేసిన మొదటి చారిత్రక చిత్రం ఓ యుద్ధం. పదకొండు గుర్రాలు, నలభై మంది దాకా మనుషులు, నాలుగు నెలల పని. అయ్యాక చూపిస్తే ఒక స్నేహితుడు తల అటూ ఇటూ వంచి చూసి, "షూటింగ్ గ్యాప్‌లో తీసిన ఫొటోలా ఉంది" అన్నాడు. కోపం వచ్చింది గానీ అతను అన్నది నిజమే. కత్తి ఎత్తినవాడి భుజంలో బరువు లేదు. గుర్రం మీదున్నవాడు సోఫాలో కూచున్నట్టున్నాడు. అందరికీ పాతకాలం బట్టలు తొడిగాను, ఒక్కడికీ పని చెప్పలేదు.

తర్వాత యుద్ధాలు పక్కన పెట్టి ఒక చిన్న గదిని పట్టుకున్నాను. 1450ల నాటి జర్మనీ, మైంజ్ నగరం, యూరప్‌లో విడి అక్షరాలతో అచ్చు మొదలుపెట్టిన గుటెన్‌బర్గ్ అచ్చుశాల. ముగ్గురు మనుషులు, ఒక కిటికీ. అదే గదిని ఆరేళ్ళలో మూడుసార్లు వేశాను. ఇక్కడ రాసేదంతా ఆ మూడు బొమ్మల్లో తగిలిన ఎదురుదెబ్బల లెక్కే. మీరు ఎంచుకునే ఘట్టం వేరు కావచ్చు, దారి మాత్రం ఇదే. నూనె రంగులైనా ఆక్రిలిక్ అయినా పనికొస్తుంది, తేడా వచ్చిన చోట చెబుతాను. మనిషి ఆకారం ఓ మోస్తరుగా గీయడం వస్తే చాలు, మొదలుపెట్టొచ్చు.

1. ఘట్టాన్ని కుదించండి

చరిత్ర అనగానే మనసు కోటలు, పట్టాభిషేకాలు, యుద్ధాల మీదికి పోతుంది. వాటిని వేసినవాళ్ళు ఉన్నారు. చిత్రకారుడు ఇల్యా రేపిన్, జపోరోజియన్ కొసక్కులనే ఉక్రెయిన్ యోధుల చిత్రానికి 1880 నుంచి 1891 దాకా సమయం తీసుకున్నాడు. అది ఆయన వృత్తి. శని, ఆదివారాల్లో కుంచె పట్టుకునే మనకు అంత పెద్ద ఘట్టం సగంలో నీరసం తెప్పిస్తుంది.

నేను పెట్టుకున్న హద్దులు ఇవి: ముగ్గురు మనుషులకు మించకూడదు, వెలుగు ఒక్క వైపు నుంచే రావాలి, బొమ్మలో ఒక పని జరుగుతూ ఉండాలి. ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం. "గుటెన్‌బర్గ్ అచ్చుశాల" అంటే అది ఘట్టం కాదు, ఒక చోటు పేరు. "అచ్చుయంత్రం మీటను ఒకడు గుంజుతుంటే, రెండోవాడు సిరా అద్దే తోలుబంతులు పట్టుకుని తన వంతు కోసం చూస్తున్నాడు, మూడోవాడు కిటికీ దగ్గర తడి కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు" అంటే అది ఘట్టం. మీ ఘట్టాన్ని క్రియలతో ఒక్క వాక్యంలో చెప్పి చూసుకోండి. చెప్పలేకపోతే ఇంకా దొరకలేదన్నమాట.

ఏ క్షణాన్ని పట్టుకోవాలన్నది ఇంకో ప్రశ్న. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1814లో వేసిన "మే 3, 1808" చూడండి. సైనికులు గురిపెట్టారు, ఎదుట ఉన్నవాళ్ళ మీద తుపాకులు ఇంకా పేలలేదు. తెల్ల చొక్కా మనిషి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. పేలిన తర్వాతి క్షణం అయితే అందులో మనకు ఎదురుచూడడానికి ఏమీ మిగలదు. జరగబోయేదో, జరుగుతున్నదో వేస్తే మిగతాది చూసేవాడి బుర్ర పూర్తి చేసుకుంటుంది. నా మొదటి అచ్చుశాల బొమ్మలో మీట గుంజడం అయిపోయి మనుషులు ఊరికే నిలబడ్డారు. రెండోదాంట్లో గుంజుతుండగా వేశాను. అక్కడే సగం జీవం వచ్చింది.

2. ఆధారాల పుస్తకం

ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి పేజీనీ మూడు నిలువు గళ్ళు చేయండి. చూసింది, చదివింది, ఊహించింది. బొమ్మలో కనిపించే ప్రతి వస్తువూ ఏదో ఒక గడిలో పడాలి. చెప్పుల నుంచి కిటికీ అద్దం దాకా.

"చూసింది" గడిలోకి ఆ కాలం నుంచి మిగిలిన అసలు వస్తువులు, ఆ కాలంలోనే వేసిన బొమ్మలు వస్తాయి. పెద్ద మ్యూజియంలు ఇప్పుడు తమ సేకరణలను మంచి రిజల్యూషన్‌లో ఆన్‌లైన్‌లో పెట్టాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం ఫొటోలను జూమ్ చేస్తే కుట్టు పోగులు కూడా కనిపిస్తాయి. "చదివింది" గడిలోకి ఆ కాలంవాళ్ళు రాసిన ఉత్తరాలు, లెక్కలు, కోర్టు కాగితాలు. వందల ఏళ్ళ తర్వాత ఇంకో చిత్రకారుడు వేసింది, సినిమాలో చూసింది మాత్రం మొదటి రెండు గళ్ళలోకి రాకూడదు. అవి వాళ్ళ ఊహలు.

ఎందుకింత పట్టుదల అంటే, ఇమాన్యుయెల్ లాయిట్‌జ 1851లో వేసిన "డెలావేర్ దాటుతున్న వాషింగ్టన్" ప్రపంచమంతా తెలిసిన బొమ్మ. ఆ దాటడం జరిగింది 1776 డిసెంబరు 25 రాత్రి. పడవలో ఎగురుతున్న చుక్కలు, చారల అమెరికా జెండాను ఆమోదించింది 1777 జూన్ 14న. అంటే పుట్టని జెండా పడవెక్కింది. అది గొప్ప చిత్రమే, కాదనను. కానీ అంత పేరున్నవాళ్ళకే తప్పలేదంటే, మనం రెండోసారి సరిచూసుకోవడంలో నామోషీ ఏముంది?

గుటెన్‌బర్గ్ గది విషయంలో నా గళ్ళు ఎలా నిండాయో చెబుతాను. ఆయన అచ్చువేసిన బైబిల్ పేజీలు మన కళ్ళముందున్నాయి: రెండు వరుసలు, చాలా పేజీల్లో వరుసకు 42 పంక్తులు. సుమారు 180 ప్రతులు వేశారని, కొన్ని కాగితం మీద, కొన్ని చర్మపత్రం మీద అని పండితుల అంచనా. ఇప్పటికి 49 మిగిలాయి, వాటిలో కొన్ని అసంపూర్ణం. అచ్చయింది నల్ల అక్షరం. ఎర్ర అక్షరాలు, అలంకారాలు చాలావరకు తర్వాత చేత్తో దిద్దినవి. కాబట్టి నా బొమ్మలో కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్న తడి కాగితం మీద రంగులు ఉండకూడదు. మొదటి బొమ్మలో ముచ్చటగా ఎర్రటి పెద్ద అక్షరం పెట్టాను. తప్పు.

ఆయన వాడిన అచ్చుయంత్రం ఎలా ఉండేదో చూపించే ఆ నాటి బొమ్మ లేదు. మనకు దొరికే అతి పాత అచ్చుయంత్రం బొమ్మ 1499లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో అచ్చయిన "మృత్యు నృత్యం" పుస్తకంలోది. అందులో అస్థిపంజరాలు వచ్చి అచ్చుపనివాళ్ళను చెయ్యి పట్టి లాక్కుపోతుంటాయి. చూడ్డానికి భయంకరం, మనకు మాత్రం బంగారు గని: మర (స్క్రూ), మీట, అక్షరాలు పేర్చే కంపోజిటర్ కూచునే తీరు, చేతిలో పట్టుకున్నది, అన్నీ ఉన్నాయి. తర్వాత 1568లో యోస్ట్ అమ్మన్ చెక్కిన అచ్చుశాల బొమ్మ ఉంది. సుమారు అర్ధ శతాబ్దం, శతాబ్దం తేడా ఉన్నా చెక్క అచ్చుయంత్రం మరీ మారిపోలేదు. ఇనుప అచ్చుయంత్రం వచ్చింది 1800 ప్రాంతంలో. అందుకే యంత్రం "చూసింది" గడిలోకి, పక్కన చిన్న ప్రశ్నార్థకంతో వెళ్ళింది.

ఒక్క వస్తువు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి: కళ్ళజోడు. కాగితం చూస్తున్న ముసలాయనకు కళ్ళజోడు పెట్టాలనిపించింది. అప్పటికి ఉందా? ఉంది. 13వ శతాబ్దం చివర ఇటలీలో మొదలైంది. పైగా తర్వాత రెండో పయస్‌గా పోప్ అయిన ఎనియా సిల్వియో పికోలొమినీ, ఈ బైబిల్ పేజీల గురించి 1455లో రాసిన ఉత్తరంలో, అక్షరాలు కళ్ళజోడు లేకుండానే చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయన్నాడు. ఇంకేం, సంబరపడి చెవుల వెనక్కి కాడలు పెట్టి నీటుగా వేసేశాను. ఆ కాడలు వచ్చింది 18వ శతాబ్దంలో! అప్పటి కళ్ళజోడు అంటే రెండు గుండ్రటి బిళ్ళలను మధ్యలో మేకుతో కలిపిన వస్తువు. ముక్కు మీద నిలబెట్టుకోవాలి, లేదా చేత్తో పట్టుకోవాలి. ఈ తప్పే చివరికి మేలు చేసింది. మూడో బొమ్మలో ముసలాయన ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో కళ్ళజోడు పట్టుకుని తల కాస్త వెనక్కి వాల్చాడు. ఆ భంగిమ నా బుర్రలోంచి రాలేదు, వస్తువు తెచ్చిపెట్టింది. ఆధారాలు వెతకడం అంటే తప్పులు ఏరుకోవడమే అనుకునేవాణ్ణి. నిజానికి కొత్త భంగిమలు, కొత్త కథలు అక్కడే దొరుకుతాయి.

మూడో గడి, ఊహ. ఇది తప్పేమీ కాదు, అది లేకుండా ఏ చారిత్రక చిత్రమూ లేదు. గుటెన్‌బర్గ్ ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. మనం చూసే గడ్డం బొమ్మలన్నీ ఆయన పోయాక వేసినవే. నేను ఆయన్ని బొమ్మలోనే పెట్టలేదు, పనివాళ్ళను మాత్రమే వేశాను. ఊహించినవాటిని నీడలోకి, అంచులకు, మసకలోకి తొయ్యండి. ఖాయంగా తెలిసినవాటిని వెలుగులో పెట్టండి. ఈ ఒక్క సూత్రంతో కూర్పు సగం తనంతట తానే కుదురుతుంది.

వెతకడానికి ఒక గడువు పెట్టుకోండి. నేను ఆరు వారాలని పెట్టుకున్నాను. లేకపోతే చదువుతూనే ఉండిపోతాం, కుంచె తడవదు.

3. అగ్గిపెట్టెంత బొమ్మలు

కాన్వాస్ జోలికి పోకముందు అగ్గిపెట్టె సైజులో ఇరవై స్కెచ్‌లు వేయండి. మూడే టోన్లు: కాగితం తెలుపు, మధ్యస్థం, నలుపు. ముఖాలు, వేళ్ళు వద్దు, ముద్దలు చాలు. మొదటి ఐదు అందరూ వేసేవే వస్తాయి. యంత్రం నట్టనడుమ, మనుషులు అటొకడు ఇటొకడు, నాటకం స్టేజీలా. పదోది దాటాక గానీ కొత్తది రాదు. నాకు పద్నాలుగోది పనికొచ్చింది: యంత్రం కుడివైపు చీకట్లో సగం తెగిపోయి, దాని దూలాలు పైకప్పును తాకుతూ, వెలుగంతా ఎడమవైపు కాగితం మీద. అప్పటి యంత్రాలు గుంజుడుకు కదలకుండా దూలాలతో పైకప్పుకు బిగించేవారు. ఆ నిలువు దూలాలే నా బొమ్మకు చట్రం అయ్యాయి.

స్కెచ్‌ను గది అవతలి గోడకు పెట్టి చూడండి. ఏం జరుగుతోందో అక్కడి నుంచి తెలియకపోతే, పెద్దది చేసినా తెలియదు.

4. మనుషుల్ని నిలబెట్టడం

మీట గుంజేవాణ్ణి మొదటిసారి ఊహించి వేశాను. మీటను పట్టుకుని ఫొటోకి పోజిచ్చినట్టు వచ్చాడు. రెండోసారి తలుపు గడియకు తాడు కట్టి, తాడు రెండో కొసకు కర్ర కట్టి, ఫోన్‌లో టైమర్ పెట్టి నిజంగానే గుంజాను. ఫొటో చూస్తే అంతా వేరు. చేతులు వంగలేదు, తాడులాగా తిన్నగా సాగిపోయాయి. గుంజుతున్నది చేతులు కాదు, వీపు. ఒక కాలు ముందుకు తన్నిపెట్టి ఉంది, మడమ నేలలోకి దిగబడ్డట్టుంది. గడ్డం ఛాతీకి ఆనుకుంది. మెడ నరాలు బయటికి వచ్చాయి. పిడికిట్లో బొటనవేలు పైకి కనిపించనే లేదు. ఊహతో వేసినప్పుడు అన్ని వేళ్ళూ లెక్కపెట్టి మరీ గీశాను!

అందుకే నా రూలు: బొమ్మలో ఎవరు ఏ పని చేస్తుంటే, ఆ పని మీరు ఒకసారి చేయండి. అదే వస్తువు దొరకక్కర్లేదు, అదే బరువు దొరికితే చాలు. నీళ్ళ బకెట్ మోస్తే గునపం మోసే భుజం తెలుస్తుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు థియడోర్ జెరికో "మెడూసా తెప్ప" వేసేటప్పుడు, 1816లో జరిగిన మెడూసా ఓడ ప్రమాదం నుంచి తెప్ప మీద బయటపడ్డవాళ్ళతో మాట్లాడాడు, ఆ తెప్ప చేసిన వడ్రంగితోనే దాని నమూనా చేయించుకున్నాడు. దాని మీద చిన్న మైనపు బొమ్మలు పెట్టి చూసుకున్నాడు. అంతకు దాదాపు రెండు శతాబ్దాల ముందే ఇంకో ఫ్రెంచ్ చిత్రకారుడు నికొలా పూస్సాఁ కూడా పెట్టెలో మైనపు బొమ్మలు నిలబెట్టి, వెలుగు ఎలా పడుతుందో చూసి కూర్పు చేసుకునేవాడు. మనకు ఒక చెప్పుల అట్టపెట్టె చాలు. ఒక వైపు కిటికీ కోసి, మట్టితో వేలెడు మనుషుల్ని చేసి లోపల పెట్టి, బయట నుంచి టేబుల్ లైట్ వేయండి. నీడ ఎవరి మీద ఎవరిది పడుతుందో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. నేను ఈ పెట్టెను చిన్నపిల్లల ఆటనుకుని రెండు బొమ్మల దాకా చేయలేదు. ఇప్పుడు అది లేకుండా మొదలుపెట్టను.

బట్టల సంగతి. ఉన్ని మడత పెద్దగా, మెత్తగా పడుతుంది. నార గుడ్డ మడత సన్నగా, విరిచినట్టు పడుతుంది. మందపాటి దుప్పటి ఒకటి, గంజి పెట్టిన పాత బెడ్‌షీట్ ఒకటి కప్పుకుని ఫొటోలు తీసుకుంటే రెండూ వచ్చేస్తాయి. సింథటిక్ గుడ్డ మాత్రం వద్దు. అది జారే తీరు చూడగానే ఈ కాలందని తెలిసిపోతుంది.

ఫొటోలన్నీ ఒకే ఎత్తు నుంచి, ఒకే వైపు వెలుగుతో తీయండి. ఒకడికి ఎడమ నుంచి, ఇంకొకడికి ముందు నుంచి ఫ్లాష్ పడితే, తర్వాత ఎంత దిద్దినా ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టుండరు.

5. కంటి గీత

ఔత్సాహికుల బొమ్మల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇది, నాదీ ఇదే. వెనకున్నవాణ్ణి చిన్నగా వేస్తూ తలను కూడా కిందికి దించేస్తాం. వాడు దూరంగా ఉన్నట్టు కాదు, పొట్టిగా ఉన్నట్టు కనిపిస్తాడు. నా మొదటి అచ్చుశాలలో కిటికీ దగ్గరి ముసలాయన పన్నెండేళ్ళ పిల్లాడిలా వచ్చాడు, గడ్డంతో సహా.

ముందు కంటి గీత, అంటే చూసేవాడి కంటి ఎత్తును చూపే గీత, అడ్డంగా గీయండి. చూసేవాడు నిలబడి చూస్తున్నాడనుకుంటే, సమానమైన నేల మీద నిలబడ్డ అదే ఎత్తు మనుషులందరి కళ్ళూ దగ్గరైనా దూరమైనా ఆ గీత మీదే వస్తాయి. పాదాలు మాత్రమే దూరం పోయేకొద్దీ పైకి జరుగుతాయి. చూసేవాడు కూచున్నాడనుకుంటే గీత నిలబడ్డవాళ్ళ ఛాతీ దగ్గర కోస్తుంది, అది కూడా అందరికీ ఒకేచోట. టేబుళ్ళు, కిటికీ, దూలాల్లో చూసేవాడి నుంచి దూరంగా సాగిపోయే సమాంతర అంచులు ఆ గీత మీద ఒకే బిందువులో కలవాలి. ముగ్గురు మనుషుల గదికి ఇంతకు మించి పర్‌స్పెక్టివ్ శాస్త్రం అక్కర్లేదు.

6. కాన్వాస్ మీదికి

సైజు 16×20 అంగుళాలు సరిపోతుంది. తల అంగుళంన్నర దాకా వస్తుంది, కుంచెకు అందుతుంది. ఇంకా చిన్నదైతే ముఖాలు చుక్కలవుతాయి. మరీ పెద్దదైతే ఖాళీ నింపడానికి కుండలు, బుట్టలు పోగేస్తాం.

గళ్ళ పద్ధతిలో ఎక్కించండి. స్కెచ్ మీద, కాన్వాస్ మీద ఒకే లెక్కన గళ్ళు గీసి, గడి గడికీ చూసి దించడమే. చార్‌కోల్‌తో గీస్తే ఊదితే పోతుంది. కుదిరాక పలచటి రంగుతో గీత దిద్ది, చార్‌కోల్ దులిపేయండి.

తర్వాత ఒక్క రంగుతో వెలుగునీడలు. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగును పలచన చేసి కాన్వాస్ అంతా పూసి, వెలుగు ఉండాల్సిన చోట గుడ్డతో తుడవండి. చీకట్లో దీపం పట్టుకుని తిరుగుతున్నట్టు ఒక్కొక్కటి బయటికొస్తుంది. నాకు మొత్తం పనిలో ఇష్టమైన సాయంత్రం ఇదే. ఆక్రిలిక్ వాడేవాళ్ళకు తుడిచే టైము ఉండదు, త్వరగా ఆరిపోతుంది. వాళ్ళు పలచటి పూతల్లో చీకటి పెంచుకుంటూ పోవాలి. ఈ దశలో ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి, అగ్గిపెట్టె స్కెచ్ పక్కన పెట్టి చూడండి. స్కెచ్‌లో ఉన్న బలం ఇక్కడ తగ్గిందా? తగ్గితే రంగులకు వెళ్ళొద్దు.

7. రంగులు: కాలానికి తగ్గట్టు

కొత్తగా వేసేటప్పుడు పాలెట్ నిండా పద్దెనిమిది ట్యూబులు పిండుకుంటాం. బొమ్మ తోరణంలా తయారవుతుంది. నాలుగింటితో మొదలుపెట్టండి: తెలుపు, యెల్లో ఓకర్, కాడ్మియం రెడ్, ఐవరీ బ్లాక్. స్వీడన్ చిత్రకారుడు అండర్స్ జోర్న్ పేరుతో పిలిచే పాలెట్ దాదాపు ఇదే. ఇందులో నీలం లేదే అంటారా, ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపి ఎర్రటి, పసుపుపచ్చటి రంగుల పక్కన పెట్టండి. నీలంగానే కనిపిస్తుంది. పొగ పట్టిన గదికి అంతే కావాలి.

బట్టల రంగు మాత్రం చరిత్ర ప్రశ్న. 15వ శతాబ్దపు యూరప్ పనివాడి బట్ట రంగు చెట్ల నుంచి వచ్చింది. వోడ్ ఆకు నుంచి నీలం, మంజిష్ఠ జాతి వేరు నుంచి ఎరుపు, వెల్డ్ మొక్క నుంచి పసుపు, ఉతికి ఉతికి అవన్నీ వెలిసినవి. విలియం పెర్కిన్ 1856లో తొలి కృత్రిమ ఊదా రంగు కనిపెట్టేదాకా, చవకలో మెరిసిపోయే ఊదా బట్ట అరుదు. మీ ఘట్టం అంతకు ముందుదైతే, పనివాడి వంటి మీద ట్యూబులోంచి తీసిన వయొలెట్ వేస్తే అక్కడే దొరికిపోతారు. ఏ రంగునైనా కాస్త బూడిద రంగు కలిపి వేయండి. ఒక్కచోట, కథకు అవసరమైనచోట మాత్రమే నిండుగా ఉంచండి. నేను సిరా అద్దేవాడి తలగుడ్డకు మాత్రం ఎరుపు ఇచ్చాను.

నూనె రంగులవాళ్ళకు రెండు మాటలు. కింది పూతలు పలచగా, నూనె తక్కువగా, పైకి వెళ్ళేకొద్దీ నూనె ఎక్కువగా ఉండాలి. తిరగబడితే కొన్నేళ్ళకు పగుళ్ళు వస్తాయి. నూనె రంగు మీద ఆక్రిలిక్ వేయకూడదు. ఆక్రిలిక్ పూర్తిగా ఆరాక దాని మీద నూనె రంగు వేయొచ్చు. ఇంకొకటి, ఇది భద్రత సంగతి. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన మూత డబ్బాలో పెట్టండి. టర్పెంటైన్ వాడితే కిటికీ తెరిచి ఉండాలి.

8. ముఖాలు, చేతులు, మురికి

ముఖాల మీద నెలలు పోతాయి. ముగ్గురి ముఖాలూ ఒకే శ్రద్ధతో వేస్తే మూడు పోర్ట్రెయిట్‌లు అవుతాయి, ఒక ఘట్టం కాదు. గోయా చిత్రంలో కాల్చే సైనికులకు ముఖాలే కనిపించవు, వీపులే. ఆ నిర్దాక్షిణ్యం అక్కడి నుంచే వచ్చింది. ఒకడి ముఖం పూర్తిగా, ఒకడిది పక్క నుంచి నీడలో, ఒకడిది వెనక నుంచి చెవి, దవడ మాత్రం. నాకు ఇది సరిపోయింది.

మిగిలిన టైము చేతుల మీద పెట్టండి. పనివాడి చేతులు ముఖం కంటే ఎక్కువ చెబుతాయి. సిరా అద్దేవాడు రెండు చేతుల్లో చెక్క పిడి ఉన్న తోలుబంతులు పట్టుకుంటాడు. సిరా సమంగా పరుచుకోవడానికి ఒకదానితో ఒకటి రుద్దుతాడు. ఆ సిరా నూనె, మసి కలిపింది, నీళ్ళతో వదలదు. అంటే గోళ్ళ చుట్టూ, మణికట్టు దాకా, చొక్కా అంచుకు, చెమట తుడుచుకున్నచోట నుదుటికి నలుపు ఉండాలి. కాగితం పట్టుకునేవాడి వేళ్ళు మాత్రం శుభ్రంగా ఉండాలి, లేకపోతే కాగితం పాడవుతుంది. ఒక్క మాట రాయకుండానే ఎవడి పని ఏదో తెలిసిపోయింది.

మొదటి బొమ్మలో నా గది ఆ పూటే గృహప్రవేశం అయినంత శుభ్రంగా ఉంది. వాడిన వస్తువు వాడినట్టుండాలి. మీట మీద చెయ్యి పట్టేచోట చెక్క నున్నగా మెరవాలి. కాలు తన్నిపెట్టేచోట అరిగి పల్లమవ్వాలి. పైన దండేలకు ఆరేసిన కాగితాలు కాస్త ముడతలు పడాలి, ఎందుకంటే తడిపిన కాగితం మీదే అచ్చు వేసేవారు. అలాగని అన్నింటికీ మురికి పూసి వదిలేస్తే అదీ సెట్టింగే. ఏ అరుగుదలకు ఏ చెయ్యి కారణమో చెప్పగలిగితేనే వేయండి.

అంచుల సంగతి క్లుప్తంగా: చూపు పడాల్సినచోట అంచు పదునుగా, మిగతాచోట ఆరని రంగు మీద పొడి కుంచె తిప్పి మసకగా. నా బొమ్మలో పదునైన అంచు ఒక్కటే, వెలుగుకు ఎత్తిన కాగితానిది.

9. పరీక్ష

మూడు వారాలు గోడవైపు తిప్పి పెట్టండి. తర్వాత అద్దంలో చూడండి. కుడి ఎడమలు మారగానే వంకర కళ్ళు, వాలిన గోడలు బయటపడతాయి. అప్పుడు, ఈ చరిత్ర గురించి ఏమీ తెలియని ఒకరిని పిలిచి, పేరు చెప్పకుండా "ఇందులో ఏం జరుగుతోంది?" అని మాత్రమే అడగండి. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. నా మొదటి బొమ్మకు "ద్రాక్షరసం తీస్తున్నారా?" అన్నారు. తప్పేమీ లేదు, ద్రాక్ష గానుగకూ ఇలాంటి స్క్రూనే ఉంటుంది. కాగితం చీకట్లో ఉండిపోయింది కాబట్టి వాళ్ళకు గానుగే కనిపించింది. రెండోదానికి "పుస్తకాలేవో చేస్తున్నారు" అన్నారు. మూడోదానికి "ఆ పెద్దాయన తప్పు దొరికిందా లేదా చూస్తున్నాడు, మిగతా ఇద్దరూ టెన్షన్‌గా ఉన్నారు" అన్నారు. నేను అంత అనుకోలేదు కూడా.

వార్నిష్‌కు తొందరపడకండి. నూనె రంగు పైకి ఆరినట్టున్నా లోపల ఆరదు, మామూలుగా ఆరు నెలలైనా ఆగమంటారు.

10. అదే గదిలోకి మళ్ళీ

ఒక బొమ్మ అయ్యాక కొత్త ఘట్టానికి గెంతకుండా, ఏడాది రెండేళ్ళ తర్వాత అదే ఘట్టం మళ్ళీ వేయండి. ఆధారాలు చేతిలోనే ఉంటాయి, కాబట్టి బుర్రంతా బొమ్మ మీదే పెట్టొచ్చు. పాతదాన్ని దిద్దొద్దు, పక్కన పెట్టుకోండి. దాన్ని చూసి మూడే మూడు లోపాలు రాసుకోండి, కొత్తదాంట్లో ఆ మూడింటినే సరిచేయండి. నా మొదటి జాబితా: కంటి గీత, మీట గుంజేవాడి వీపు, కాగితం మీద వెలుగు. రెండోది: కళ్ళజోడు, ఫొటోల్లో కలవని వెలుగులు, మరీ నల్లబడ్డ నీడలు. పది రాసుకున్నప్పుడు ఒక్కటీ కుదరలేదు.

పూర్తయిన కాన్వాస్ వెనక తారీఖు, వాడిన రంగులు, ఆ మూడో గడిలోవి రాసి పెట్టుకోవడం ఈమధ్యే అలవాటైంది. మూడో అచ్చుశాల వెనక పెన్సిల్‌తో ఇలా ఉంది: "కిటికీ ఎడమవైపు ఉండటం నా ఊహ. ముగ్గురి ముఖాలూ నా ఊహ. యంత్రం 1499 బొమ్మ చూసి. కళ్ళజోడు ఈసారి సరిగ్గా వేశాను. చెప్పులు మళ్ళీ చూడాలి."

చెప్పుల కోసం నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచాను. మొదటి గడి ఇంకా ఖాళీగానే ఉంది.